చదివేవాళ్ల కోసం పుట్టిన భాష

పైథాన్‌లో షరతు రాసినా, లూప్ రాసినా ఆ వరస చివర కోలన్ పెట్టాలి. మరిచిపోతే ప్రోగ్రాం నడవదు. ఇంజనీరింగ్ ఫస్టియర్ ల్యాబుల్లో మొదటి వారాల్లో తరచూ కనిపించే తప్పుల్లో ఇదొకటి. విద్యార్థులు దాన్ని ఒక నియమంగా బట్టీపడతారు. నిజానికి ఆ రెండు చుక్కలు కంప్యూటర్ కోసం పెట్టినవి కావు. కింది వరసలు కుడివైపుకి జరిగి ఉన్నాయో లేదో చూసుకుంటే చాలు, లూప్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో యంత్రానికి తెలిసిపోతుంది. కోలన్ పెట్టింది చదివే మనిషి కోసం. దాని పుట్టుక పైథాన్ పుట్టుక కన్నా పదకొండేళ్లు ముందుది.

1978లో పోలండ్‌లోని యబ్వొన్నాలో ఒక పెద్ద భవనంలో నలుగురు కంప్యూటర్ శాస్త్రవేత్తలు ఒక కొత్త భాషకు రూపం ఇవ్వడానికి కూర్చున్నారు. వాళ్లలో ఆమ్‌స్టర్‌డామ్ నుంచి వచ్చిన లాంబర్ట్ మీర్టెన్స్, న్యూయార్క్ విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ డ్యూయర్ ఉన్నారు. అంకెల్ని వరసలో పెట్టే బబుల్ సార్ట్ అనే చిన్న ప్రోగ్రాంని రకరకాల పద్ధతుల్లో రాసి, ఏది బాగుందో అని పోల్చుకుంటున్నారు. ఎంతకీ ఏకాభిప్రాయం కుదరలేదు. చివరికి తన గదిలో ఉన్న డ్యూయర్ భార్యను పిలిపించి, నీకేది నచ్చిందో చెప్పమన్నారు. మొదటి నమూనా వివరించగానే ఆవిడకి ఒక సందేహం వచ్చింది. ‘ఫర్’ అని మొదలైన వరసలో చెప్పింది ఆ ఒక్క వరసకే కాదా, కింది వరసలన్నిటికీ వర్తిస్తుందా అని అడిగారు. ఆ వరస చివర ఒక కోలన్ ఉండి ఉంటే ఈ సందేహమే వచ్చేది కాదని శాస్త్రవేత్తలకు అప్పుడు తట్టింది. ఇవాళ ప్రపంచమంతా పైథాన్‌లో ‘ఫర్’ వరస చివర కొడుతున్న కోలన్ ఆ ప్రశ్నలోంచే వచ్చింది.

ఆ భాష పేరు చివరికి ఏబీసీ అయింది. ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ అనే గణిత, కంప్యూటర్ పరిశోధన సంస్థలో అది తయారైంది. ప్రోగ్రామింగ్ వృత్తి కానివాళ్లు కూడా కంప్యూటర్‌తో పని చేయించుకోగలగాలన్నది దాని లక్ష్యం. వరసల్ని లోపలికి జరపడమే వ్యాకరణంగా మారిన పద్ధతి, అంటే ఇండెంటేషన్, పైథాన్‌కి అక్కడినుంచే వచ్చింది. సీ భాషలో ఫ్లవర్ బ్రాకెట్లు యంత్రం కోసం, జరపడం మనుషుల కోసం. రెండూ వేరువేరు కాబట్టి ఒక్కోసారి అవి విడిపోతాయి. కంటికి ఒక అర్థం కనిపిస్తుంది, యంత్రం ఇంకోటి చేస్తుంది. పైథాన్‌లో ఆ ఎడం లేదు. కనిపించేదే నడుస్తుంది. ఇండెంటేషన్ ఎర్రర్ వచ్చినప్పుడల్లా విసుక్కునే విద్యార్థికి ఈ సంగతి ఒక్కసారి చెబితే చాలు, ఆ నియమం మీద కోపం పోతుంది.

ఏబీసీ బృందంలో 1980ల మొదట్లో పనిచేసిన యువకుడు గీడో వాన్ రోసమ్. 1956లో నెదర్లాండ్స్‌లో పుట్టారు, ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో గణితం, కంప్యూటర్లు చదివారు. ఏబీసీని ఆయన ప్రేమించారు, దాని లోపాలూ దగ్గరనుంచి చూశారు. ఏబీసీ మామూలు లెక్కల్ని కచ్చితమైన భిన్నాలుగా ఉంచుకునేది. వినడానికి ఇది గొప్ప సుగుణం. కానీ గీడో తన పన్ను లెక్క చూసుకోవడానికి ఒక చిన్న ప్రోగ్రాం రాస్తే అది నత్తనడక నడిచింది. చివరికి గిల్డర్లకీ సెంట్లకీ కుదించి చెప్పాల్సిన సంఖ్యల కోసం లోపల వేల అంకెల పొడవున్న భిన్నాల్ని మోస్తోంది. అందుకే పైథాన్‌లో దశాంశ సంఖ్యల్ని ప్రాసెసర్‌కి అలవాటైన ద్విసంఖ్యా రూపంలోనే ఉంచారు. పైథాన్‌లో 0.1 + 0.2 కొడితే 0.30000000000000004 అని ఎందుకు వస్తుందన్న ప్రశ్నకి జవాబు ఇందులో ఉంది. మూడో వంతుని దశాంశాల్లో రాయబోతే ఎలా అంతు ఉండదో, పదో వంతుని ద్విసంఖ్యల్లో రాయబోతే అలాగే అంతు ఉండదు. 53 బిట్ల దగ్గర ఆపక తప్పదు. కాబట్టి రెండు దశాంశ సంఖ్యలు సమానమా అని సూటిగా పోల్చకూడదు, వాటి తేడా చాలినంత చిన్నదా అని చూడాలి. స్ట్రెస్ లెక్కలు, సర్క్యూట్ లెక్కలు చేయబోయేవాళ్లకి ఇది మొదటి వారంలోనే తెలియాల్సిన విషయం. పూర్ణ సంఖ్యలకి మాత్రం ఈ బాధ లేదు, 2 ** 100 అడిగితే 31 అంకెలూ తప్పు లేకుండా ఇస్తుంది.

ఏబీసీ ఎక్కువమందికి చేరలేదు. అది తన గోడల మధ్య తాను ఉండిపోయిన భాష. బయటి ఫైళ్లతో, ఇతర ప్రోగ్రాంలతో మాట్లాడించడం కష్టం, కొత్త సదుపాయం చేర్చడం ఇంకా కష్టం. ఆ తర్వాత గీడో అదే సంస్థలో అమీబా అనే ఆపరేటింగ్ సిస్టం మీద పనిచేశారు. అక్కడ చిన్న చిన్న నిర్వహణ పనుల్ని సీ భాషలో రాయడానికి చాలా సమయం పట్టేది. షెల్ స్క్రిప్టుల్లో రాద్దామంటే అవి అమీబాకి సరిపోలేదు. రెంటికీ నడుమ ఒక భాష ఉంటే బాగుండుననిపించింది. 1989 క్రిస్మస్ సెలవుల్లో ఇంట్లో కూర్చుని దాన్ని మొదలుపెట్టారు. బీబీసీలో వచ్చిన మాంటీ పైథాన్ హాస్య కార్యక్రమం అంటే ఇష్టం కాబట్టి ఆ పేరు పెట్టారు. 1991 ఫిబ్రవరిలో 0.9.0 వెర్షన్‌ని ఎవరైనా తీసుకుని వాడుకునేలా బయటపెట్టారు. ఏబీసీకి లేని గుణం, అంటే ఇతరులు వచ్చి కొత్త గదులు కట్టుకునే వీలు, దీనికి మొదటి రోజునుంచే ఉంది.

పైథాన్ పాఠాల్లో వేరియబుల్ అనగానే అంకెలు దాచుకునే డబ్బా అని చాలామంది చెబుతారు. సీ భాషకి ఆ పోలిక సరిపోతుంది, పైథాన్‌కి సరిపోదు. పైథాన్‌లో వేరియబుల్ వస్తువుకి కట్టిన పేరుచీటీ. ఒక వస్తువుకి రెండు చీటీలు కట్టవచ్చు. ఈ మూడు వరసలు కొట్టి చూడండి:

మార్కులు = [70, 80, 90]
కాపీ = మార్కులు
కాపీ[0] = 95

ఇప్పుడు మార్కులు[0] ఎంత అని అడిగితే 95 వస్తుంది. రెండో వరస లిస్టుని నకలు తీయలేదు, ఉన్న లిస్టుకే ఇంకో పేరు తగిలించింది. ల్యాబ్ వైవాలో నేనైతే అన్నిటికన్నా ముందు అడిగే ప్రశ్న ఇది. మొదటి అంశానికి 1 కాక 0 ఎందుకని కూడా ఇక్కడే అడుగుతారు. 0 నుంచి లెక్కిస్తే, 0 నుంచి 3 వరకు 3ని కలపకుండా తీసుకుంటే సరిగ్గా మూడు అంశాలు వస్తాయి. తర్వాతి ముక్క 3 దగ్గర మొదలవుతుంది. అతుకుల దగ్గర ఒకటి కలపడం, ఒకటి తీసేయడం అనే తలనొప్పి ఉండదు.

పై మూడు వరసల్లో వేరియబుల్ పేర్లు తెలుగులో ఉన్నాయి. అవి వివరణ కోసం రాసినవి కావు, ఉన్నవి ఉన్నట్టు పైథాన్‌లో నడుస్తాయి. ఇది 2008 డిసెంబర్‌లో విడుదలైన పైథాన్ 3 ఇచ్చిన సదుపాయం. ఆ మూడో వెర్షన్ ఈ భాష జీవితంలో అన్నిటికన్నా కష్టమైన ఘట్టం. పాత తప్పుల్ని సరిదిద్దాలంటే పాత ప్రోగ్రాంలు నడవకుండా పోతాయని తెలిసీ గీడో బృందం ఆ పనికి పూనుకుంది.

ఒక తప్పు భాగహారంలో ఉండేది. పైథాన్ 2లో రెండు పూర్ణ సంఖ్యల్ని భాగిస్తే శేషాన్ని వదిలేసి పూర్ణ సంఖ్యే వచ్చేది. 1/2 అంటే 0. గతిశక్తి సూత్రాన్ని పుస్తకంలో ఉన్నట్టే 1/2 * m * v ** 2 అని రాస్తే, ఎంత బరువైన బండి ఎంత వేగంతో వెళ్లినా జవాబు సున్నా. ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు, తప్పు జవాబు నిశ్శబ్దంగా వస్తుంది. ఇంజనీరుకి ఇంతకన్నా ప్రమాదం లేదు. పైథాన్ 3లో ఒక గీత భాగహారం ఎప్పుడూ దశాంశమే ఇస్తుంది, శేషం వద్దనుకుంటే రెండు గీతలు పెట్టుకోవాలి. హైదరాబాద్ నుంచి విజయవాడకు 275 కిలోమీటర్లు, నాలుగు గంటల ప్రయాణం అనుకుంటే:

దూరం = 275
సమయం = 4
వేగం = దూరం / సమయం

వేగం 68.75 వస్తుంది. పాత పద్ధతిలో అయితే 68 దగ్గర ఆగిపోయేది.

రెండో తప్పు అక్షరాల గురించి. పైథాన్ 2లో ‘తెలుగు’ అన్న మాట పొడవు ఎంత అని అడిగితే, యూటీఎఫ్-8లో దాచిన మాటకి 18 అని చెప్పేది. అది బైట్ల లెక్క. పైథాన్ 3 అయితే 6 అంటుంది. త, ల, గ అన్న మూడు హల్లులకి తోడు వాటి గుణింతపు గుర్తుల్ని విడిగా లెక్కపెడుతుంది. మన కంటికి కనిపించేవి మూడే అక్షరాలు. అందుకే తెలుగు మాటని తిరగేసే ప్రోగ్రాం ఇంగ్లీషు పాఠంలో ఉన్నట్టే రాస్తే, ఆధారం లేని కొమ్ముతో మాట మొదలవుతుంది. సరైన తెలుగు సాఫ్ట్‌వేర్ రాయాలనుకునే విద్యార్థి ఈ 18, 6, 3 తేడా దగ్గరే మొదలుపెట్టాలి. కీబోర్డు నుంచి తెలుగు అంకెలు వచ్చినా పైథాన్ 3కి ఇబ్బంది లేదు, ‘౨౫’ అన్న స్ట్రింగ్‌ని, అంటే అక్షరాల వరసని, ఇంట్ ఫంక్షన్‌కి ఇస్తే 25గా మార్చేస్తుంది. కీబోర్డు నుంచి వచ్చేది ఎప్పుడూ స్ట్రింగే అన్నది మాత్రం గుర్తుంచుకోవాలి. మార్చకుండా ‘5’కి ‘3’ కలిపితే ‘53’ వస్తుంది.

ఈ మార్పులన్నీ లోకం జీర్ణించుకోవడానికి పుష్కర కాలం పట్టింది. పైథాన్ 2కి మద్దతు 2020 జనవరి 1తో ఆగిపోయింది.

పైథాన్ నెమ్మదైన భాష. అలాంటిది లెక్కల ప్రపంచాన్ని ఎలా గెలిచిందన్నది సహజమైన ప్రశ్న. పైథాన్ లూప్ ప్రతి కూడికకీ ముందు ఇది పూర్ణ సంఖ్యా, దశాంశమా, స్ట్రింగా అని చూసుకుంటుంది. కోటి కూడికలకి కోటిసార్లు చూస్తుంది. దీనికి విరుగుడు 1995లో మొదలైంది. ఎంఐటీ విద్యార్థి జిమ్ హ్యూగునిన్ న్యూమెరిక్ అనే లైబ్రరీ తయారుచేశారు. దాని వారసత్వాన్ని కలుపుకుని ట్రావిస్ ఒలిఫంట్ రాసిన నంపై మొదటి వెర్షన్ 2006లో వచ్చింది. ఒకే రకం సంఖ్యల్ని జ్ఞాపకంలో పక్కపక్కన పేర్చి, లూప్‌ని సీ భాషలో నడిపిస్తుంది. మనం పైన ఒక్క వరస రాస్తాం, కింద యంత్రం తన వేగంతో పరుగెడుతుంది. 2019 ఏప్రిల్‌లో విడుదలైన మొట్టమొదటి బ్లాక్‌హోల్ చిత్రం వెనక ఉన్న గణనలో నంపై ఉంది. త్రీడీ ఫలితాల్ని బొమ్మగా చూపే మాయావి అనే పైథాన్ సాధనాన్ని తయారుచేసింది ప్రస్తుతం ఐఐటీ బాంబేలో ఏరోస్పేస్ ఆచార్యుడు ప్రభు రామచంద్రన్. మ్యాట్రిక్సుల గుణకారానికి @ గుర్తుని భాషలోనే చేర్చింది 2015లో. ఒక్క గుర్తు కోసం ఇంజనీర్లు, శాస్త్రవేత్తలు పట్టుబట్టి సాధించుకున్నారు.

2018లో ఇంకో గుర్తు గురించి పెద్ద వాదం జరిగింది. ఒకే వరసలో విలువకి పేరు పెట్టి వెంటనే వాడుకునే := గుర్తు అది. గీడో దాన్ని ఆమోదించారు, కానీ ఆ వాదోపవాదాలతో అలసిపోయి ఆ జూలైలో తుది నిర్ణేత స్థానం నుంచి తప్పుకున్నారు. వారసుడిని కూడా చెప్పలేదు. పైథాన్‌ని అభివృద్ధి చేసే ప్రధాన బృందంవాళ్లు తమలో తాము ఓటు వేసుకుని 2019లో ఐదుగురి మండలిని ఎన్నుకున్నారు.

ఆ మండలి ముందుకు వచ్చిన పెద్ద పని మళ్లీ పేరుచీటీల దగ్గరికే తెస్తుంది. ప్రతి వస్తువుకీ ఎన్ని చోట్లనుంచి పట్టు ఉందో పైథాన్ లెక్క పెట్టుకుంటుంది. లెక్క సున్నా అయితే వస్తువుని తీసేస్తుంది. రెండు థ్రెడ్లు, అంటే ప్రోగ్రాంలో సమాంతరంగా నడిచే పనులు, ఒకేసారి ఆ లెక్క మార్చబోతే తప్పు పడుతుంది కాబట్టి, ఒక సమయంలో ఒక్క థ్రెడ్ మాత్రమే పైథాన్ కోడ్ నడిపేలా పాతరోజుల్లోనే ఒక తాళం వేశారు. మామూలు కంప్యూటర్‌కి ఒకే కోర్ ఉన్న కాలంలో దాంతో నష్టం లేదు. ఇవాళ ల్యాప్‌టాప్‌లోనే ఎనిమిది కోర్లు ఉంటే ఏడు చూస్తూ కూర్చుంటాయి. శామ్ గ్రాస్ ప్రతిపాదన మీద 2024 అక్టోబర్‌లో 3.13తో తాళం లేని పైథాన్ ప్రయోగాత్మకంగా వచ్చింది. ఆ తర్వాతి ఏడాది 3.14లో అది అధికారిక మద్దతు ఉన్న ఐచ్ఛిక రూపమైంది. తాళం ఉందన్న ధీమాతో సీ భాషలో రాసిన లైబ్రరీల్ని వాటి నిర్వాహకులు ఇప్పుడు ఒక్కొక్కటిగా విప్పి సరిచేస్తున్నారు.