తుర్తుక్‌కు తీరని బాకీ

1971 యుద్ధం అంటే మనకు ఢాకాలో పాక్ సైన్యం లొంగిపోవడం గుర్తొస్తుంది, విశాఖ దగ్గర సముద్రంలో మునిగిన ఘాజీ సబ్‌మెరైన్ గుర్తొస్తుంది. పదమూడు రోజుల ఆ యుద్ధంలోనే దేశానికి ఉత్తరాన చిట్టచివర, కారకోరం కొండల మధ్య, ష్యోక్ నది లోయలో నాలుగు ఊళ్లు పాకిస్తాన్ చేతిలోంచి భారత్ చేతిలోకి వచ్చాయి. చలుంకా, తుర్తుక్, త్యాక్షి, థాంగ్. మేజర్ ఛెవాంగ్ రించెన్ నాయకత్వంలో లడఖ్ స్కౌట్స్, నుబ్రా గార్డులు గడ్డకట్టే చలిలో కొండలెక్కి సుమారు 800 చదరపు కిలోమీటర్లు గెలిచారు. రించెన్‌ది ఆ పక్కనే ఉన్న నుబ్రా. మీసాలు రాని వయసులో 1948లో ఒకసారి, ఈ పోరులో రెండోసారి మహావీర్ చక్ర అందుకున్న వీరుడు. ఆయన సాహసాన్ని తక్కువ చేయను. అయితే ఆ గెలుపు వెనక ఒక బాకీ మిగిలిపోయింది. దాన్ని గురించి మాట్లాడేవారే లేరు.

యుద్ధం వచ్చేనాటికి ఈ ఊళ్ల మగవాళ్లు కొందరు ఇళ్లలో లేరు. చదువుకనో, కూలికనో, కొలువుకనో బల్తిస్తాన్‌లోని స్కర్దూకి, లాహోరుకి, కరాచీకి వెళ్లి ఉన్నారు. పని చూసుకుని తిరిగి వస్తామని చెప్పి వెళ్లినవాళ్లే అందరూ. డిసెంబరు 17న కాల్పులు ఆగేసరికి ఇల్లు ఒక దేశంలో ఉంది, వాళ్లు ఇంకో దేశంలో ఉన్నారు. ఆలి ఇటు, మగడు అటు. తల్లి ఇటు, కొడుకు అటు. ఏళ్ల తరబడి ఎదురుచూసి చివరికి వేరే మనువు చేసుకున్నవారు ఉన్నారు. తండ్రి ముఖం ఫొటోలో తప్ప చూడకుండానే పెరిగి ముసలివాళ్లయిన పిల్లలు ఉన్నారు. కార్గిల్ దగ్గర హుందర్మాన్‌దీ ఇదే కథ. అదీ ఆ యుద్ధంలోనే చేతులు మారింది. కొండకు అతికించినట్టుండే పాత ఊరు ఇప్పుడు ఖాళీ. అక్కడి రాతి ఇంట్లో చిన్న మ్యూజియం పెట్టారు. వాడిన గిన్నెలు, పాత నాణేలు, తూటాల తునకలు, వాటి పక్కన అవతలి నుంచి బంధువులు రాసిన ఉత్తరాలు. యుద్ధ స్మారకాలు మన దేశంలో చాలా ఉన్నాయి. ఉత్తరాలను దాచిపెట్టినవి అరుదు.

అసలు ఈ చీలిక 1971తో మొదలవలేదు. డోగ్రాల పాలనలో లడఖ్, బల్తిస్తాన్ ఒకే జిల్లాగా ఉండేవి. ఆఫీసు వేసవిలో లేహ్‌లో, చలికాలం స్కర్దూలో నడిచేది. 1948లో స్కర్దూ పాకిస్తాన్ వశమయ్యాక కాల్పుల విరమణ రేఖ తుర్తుక్‌కు, దాని పక్కనున్న బోగ్‌దాంగ్‌కు మధ్య నుంచి పోయింది. 1971లో ఆ రేఖ ముందుకు జరిగి బోగ్‌దాంగ్, తుర్తుక్ చుట్టాలను మళ్లీ కలిపింది. కానీ తుర్తుక్‌ను స్కర్దూ నుంచి, ఖప్లూ నుంచి విడదీసింది. ఒక తరంలో రెండుసార్లు బంధుత్వాల మధ్య గీత గీస్తే ఏ ఊరు తట్టుకుంటుంది?

పంజాబ్, సింధ్‌లలో గెలిచిన నేలను భారత్ వెనక్కిచ్చింది. జమ్మూకశ్మీర్‌లో మాత్రం ఎవరు గెలిచింది వారి దగ్గరే ఉండాలని 1972 జులై 2న సిమ్లాలో తేల్చుకున్నారు. అలా తుర్తుక్ మనకు మిగిలింది, ఛాంబ్ పాకిస్తాన్‌కు పోయింది. ఛాంబ్ వాళ్లు కట్టుబట్టలతో జమ్మూ వైపు వచ్చి కాందిశీకులయ్యారు. నేల సంగతి తేలింది. తొంభై వేల మందికి పైగా పాక్ యుద్ధఖైదీలు 1974 నాటికి వాళ్ల ఇళ్లకు చేరారు. మరి ఇంటికి రాలేకపోయిన తుర్తుక్ మనిషి? సిమ్లా ఒప్పందంలోనే తపాలా, రోడ్డు రాకపోకలు పునరుద్ధరిస్తామని, ప్రయాణ సౌకర్యాలు పెంచుతామని రెండు దేశాలూ రాసి సంతకాలు చేశాయి. నేను బాకీ అంటున్నది ఆ మాటనే.

ఆ మాట నిలబడకపోతే మనిషి మీద ఎంత బరువు పడుతుందో చూడండి. కార్గిల్ నుంచి స్కర్దూకి పాత దారిలో సుమారు 130 కిలోమీటర్లు. పొద్దున బయల్దేరితే చీకటి పడకముందే చేరొచ్చు. ఆ దారి మూసేశారు. పంజాబ్‌లోని అటారీ సరిహద్దు గేటు తెరిచి ఉన్న రోజుల్లో కూడా, తుర్తుక్‌లోని అక్క అవతలి తమ్ముణ్ణి చూడాలంటే ఖర్దూంగ్‌లా కనుమ దాటి లేహ్, అక్కణ్నుంచి ఢిల్లీ వెళ్లి వీసా కోసం కాచుకోవాలి. అది వస్తే అటారీ దాటి లాహోరు, రావల్పిండి మీదుగా మళ్లీ ఉత్తరానికి ఎక్కి స్కర్దూ చేరాలి. మొత్తం రెండు వేల కిలోమీటర్ల పైమాటే. వీసాలో ఏ ఊరి పేరు రాస్తే ఆ ఊరికే పోవాలి, పోలీసు స్టేషన్లో హాజరు వేయించుకోవాలి. బార్లీ చేను గట్టు మీద నిలబడి పిలిస్తే పలికేంత దగ్గరి చుట్టరికానికి ఇంత తతంగం. అందుకే ఉన్నవాళ్లు కొందరు హజ్‌కు వెళ్లి మక్కాలో కలుసుకున్నారు. లేనివాళ్లకు అదీ లేదు. పహల్గామ్ దాడి తర్వాత 2025 ఏప్రిల్‌లో అటారీ గేటు మూసుకుంది, వీసాలు రద్దయ్యాయి. ఉన్న ఆ చుట్టుదారీ పోయింది.

2010లో తుర్తుక్‌ను పర్యాటకులకు తెరిచారు. మన హైదరాబాద్, విజయవాడ కుర్రాళ్లు కూడా బైకుల మీద అక్కడిదాకా వెళ్తున్నారు. మిద్దెల మీద ఎండుతున్న ఆప్రికాట్లు, రాళ్ల సందుల్లోంచి వచ్చే చల్లగాలికి వెన్న, మాంసం పాడవకుండా నిల్వ ఉండే రాతి కొట్లు చూసి ముచ్చటపడతారు. చివరి ఊరు థాంగ్‌లో బైనాక్యులర్స్ పెట్టి అవతలి కొండ మీది ఊరిని చూస్తారు. పర్యాటకులకు అది వింత. ఊరివాళ్లకు అటున్నది మేనత్త ఇల్లు. ఇంటర్నెట్ వచ్చాక ఫోన్లో ముఖాలైనా కనబడుతున్నాయి. కానీ చావుకు వెళ్లలేకపోయినవాడికి ఫోన్ ఏం ఓదార్పు? మట్టి వేయడానికి తమ్ముడు రాలేడు, పెళ్లికి పెద్దదిక్కుగా మామ రాలేడు.

భద్రత సంగతేమిటని అడుగుతారు. అడగాల్సిందే. 1999లో చొరబాటుదారులు వచ్చింది ఈ కొండల్లోంచే. అయినా శ్రీనగర్-ముజఫరాబాద్ బస్సు 2005 ఏప్రిల్ 7న మొదలైంది, అదీ వీసా లేకుండా, పర్మిట్ మీద. ఆ ఏడాది అక్టోబరు భూకంపం తర్వాత నియంత్రణ రేఖ మీద ఐదు చోట్ల దారులు తెరవడానికి రెండు దేశాలూ ఒప్పుకున్నాయి. వాటిలో లడఖ్‌కు ఒక్కటీ దక్కలేదు. కార్గిల్-స్కర్దూ దారి చర్చల్లో నలిగి నలిగి అక్కడే ఆగింది. 2019 తర్వాత ఆ బస్సులూ లేవు.

దారి మొత్తం తెరవమని ఈరోజు అడిగితే ఎవరూ వినరని నాకు తెలుసు. కనీసం రెండు సైన్యాల కళ్లముందే, థాంగ్ దగ్గరో హుందర్మాన్ దగ్గరో, ముందే సరిచూసిన పేర్ల జాబితాతో, ఏడాదికి ఒక్కరోజు రక్తసంబంధీకులను కలవనివ్వాలి. 1971లో ఇరవై ఏళ్లున్నవాళ్లకు ఇప్పుడు డెబ్బై దాటాయి. ఆ జాబితాలో మొదట వాళ్ల పేర్లే ఉండాలి.