తొలిపూతయు – తుదిపంటయు

పువ్వు పుట్టగనే పరిమళించునని మనలో నొక సామెత కలదు. లోకమున నిది పెక్కుచోట్ల చెల్లిన చెల్లుగాక. ఒక్కచోట మాత్రము చెల్లదని అమెరికా సంయుక్తరాష్ట్రములలోని స్త్రీల కళాశాలా బాస్కెట్‌బాల్ చరిత్ర స్పష్టముగ చాటుచున్నది. ఆ యాటలో బుట్టకు సమీపమున నిలిచి పోరాడు పొడవరులగు బాలికలను ‘పోస్టు’ ఆటగత్తెలని యందురు. వారు కళాశాలలో నడుగిడిన మొదటి యేటనే, ఒక్కొక్కప్పుడు మొదటి మాసముననే, ‘ఈమె పనికివచ్చును, ఈమె పనికిరాదు’ అని తీర్పుచెప్పుటకు పత్రికలును ప్రేక్షకులును త్వరపడుచుందురు. పదునెనిమిదేండ్ల బాలికపై వెలువడిన యిట్టి తీర్పు ఆమె భవిష్యత్తునే మార్చివేయగలదు. కావున నీ త్వరపాటు ఎంతవరకు న్యాయమో, నిజమైన కొలమానము లెవ్వియో విచారించుట యవసరము.

ముందుగా ఈ క్రీడయొక్క పూర్వకథను కొంచెము స్మరింతము. 1891 డిసెంబరులో మసాచుసెట్స్ రాష్ట్రమందలి స్ప్రింగ్‌ఫీల్డున జేమ్సు నైస్మిత్ అను నుపాధ్యాయుడు దీనిని కల్పించెను. మరుసటి సంవత్సరమే సమీపమందలి స్మిత్ కళాశాలలో సెండా బెరెన్సన్ అను నుపాధ్యాయిని దీనిని బాలికలకు నేర్పెను. అయితే స్త్రీలకు మోటుశ్రమ తగదను నాటి యభిప్రాయమునకు లోబడి, ఆటస్థలమును మూడు భాగములుగ విభజించి, ఒక భాగమువారు మఱియొక భాగమున కాలుమోపరాదని నియమించిరి. కళాశాలలలో స్త్రీలు ఐదుగురేసి స్థలమంతయు పరుగెత్తి యాడుట 1971లో గాని నెలకొనలేదు. విద్యాలయములలో స్త్రీపురుష వివక్షము కూడదను శాసనము 1972లో వచ్చెను. పోస్టు స్థానముయొక్క విలువను లోకమునకు మొదట తెలిపినవారిలో మిసిసిపీ రాష్ట్రపు లూసియా హ్యారిస్ ప్రధానురాలు. ఆమె బలమున డెల్టా స్టేట్ విద్యాలయము 1975, 1976, 1977 సంవత్సరములలో వరుసగ జాతీయ విజయము నందెను. 1976లో మాంట్రియల్ ఒలింపిక్సునందు స్త్రీల బాస్కెట్‌బాల్ తొలిసారి ప్రవేశపెట్టబడినపుడు, మొట్టమొదటి బుట్టను వేసిన గౌరవముకూడ నామెకే దక్కెను.

ఇక పోస్టు ఆటగత్తె చేయవలసిన పని యేది? బుట్ట నేలకు 10 అడుగుల యెత్తున నుండును. దాని సమీపమున చోటు సంపాదించి, వెనుకనుండి త్రోయుచున్న ప్రత్యర్థికి వీపునిచ్చి, బంతిని పట్టి, తిరిగి, బుట్టలో వేయుట మొదటి పని. వేసిన బంతి తప్పి వెలికి వచ్చినపుడు దానిని చేజిక్కించుకొనుట, అనగా రీబౌండు, రెండవది. ఎదిరిపక్షమువారు బుట్టవద్దకు దూసికొని వచ్చునపుడు ఫౌలు చేయక వారి నాపుట మూడవది. తనవారికి దారి దొరకునట్లు ప్రత్యర్థుల మార్గమున స్తంభమువలె నిలుచుట నాలుగవది. ఈ నాలుగింటిలో మొదటిదానికే పాయింట్లు వచ్చును. కావున మొదటిదే జనుల కంటబడును. తక్కినవి జట్టును గెలిపించును గాని, చూచువాని చూపునకు చిక్కవు.

ఉన్నతపాఠశాలలో పొడవరియగు బాలికకు నీ విద్యలలో సగము నేర్చుకొన నవసరమే కలుగదు. ఆమెకంటె జానెడు పొట్టివారు చుట్టును నుందురు. బంతిని వారి తలలపై నందుకొని బుట్టలో జారవిడిచిన చాలును. అందుచే పాయింట్లు రాశిగ వచ్చును, పేరు పత్రికల కెక్కును. కళాశాలకు వచ్చినపుడు ఆమె యెదుట నిలుచునది తనంత పొడవును, తనకంటె మూడు నాలుగేండ్లు పెద్దదియు, కండపట్టినదియు నగు స్త్రీ. అపుడు చోటుకొఱకు పెనగులాడుట తెలియదు. పాదములు కదలక చేతులు ముందు కదలును. చేతులు కదలినంతనే ఫౌలు. ఐదు ఫౌళ్లైన ఆటనుండి తొలగవలసినదే. అదిగాక తన యాట తన చేతిలో లేదు. బంతిని నడిపించు గార్డు సకాలమున నందించినగాని ఆమె యెంత చక్కని చోట నిలిచినను నిష్ఫలము. కావున మొదటి యేట పోస్టు ఆటగత్తె పాయింట్లు తక్కువగ వేసినచో, అది ఆమె కొఱతయో, అందించువారి కొఱతయో, అనుభవపు కొఱతయో పరీక్షింపక చెప్పరాదు.

మామిడితోట వేసిన రైతున కిది బోధింప నవసరము లేదు. అంటు నాటిన తొలి సంవత్సరములలో పూత వచ్చినచో, తెలిసిన రైతు మురిసిపోడు. ఆ పూతను త్రుంచివేయును. కాపునకు పోవలసిన సత్తువ ముందు వేరునకు, కొమ్మకు పోవలయునని అతడెఱుగును. దక్షిణ కరొలైనా విశ్వవిద్యాలయపు స్త్రీల జట్టు 2017, 2022, 2024 సంవత్సరములలో జాతీయ విజయమును పొందుటకు ముఖ్యకారణ మీ రైతుబుద్ధియే యని చెప్పవచ్చును. ఆ మూడుమారులును తుది పోటీలలో నుత్తమ క్రీడాకారిణిగ నెన్నబడినది పోస్టు ఆటగత్తెయే. ముగ్గురును మూడు విధములుగ పెరిగిరి. వారిని పెంచిన డాన్ స్టేలీ 2008లో నచట శిక్షకురాలయ్యెను. ఆమె ఐదున్నర యడుగుల మనిషి. తన యాటకాలమున బంతిని నడిపించిన గార్డు. బంతి నందించిన చేతికే, దాని నందుకొనువారి కష్టసుఖములు చక్కగ తెలిసినవి కాబోలు.

ముగ్గురిలో మొదటిది ఆజా విల్సన్. ఆ రాష్ట్రమునందే పుట్టినది. దేశమంతయు గోరిన యీ బాలిక 2014లో కళాశాలలో చేరినపుడు, శిక్షకురాలు ఆమెను పెక్కు ఆటలలో మొదట బల్లపై కూర్చుండబెట్టి, పిదప రంగమున దింపెను. ఇంతటి పేరుగల పిల్లను కూర్చుండబెట్టుట యవమానమని తలచువారికి అది వింతగ తోచవచ్చును. 2017లో జట్టునందలి రెండవ పోస్టు ఆటగత్తె గాయపడి తుదిపోటీలకు దూరమైనపుడు, భారమంతయు విల్సన్ భుజములపై పడెను. మిసిసిపీ స్టేట్ జట్టుపై 67–55తో గెలిచిన ఫైనలులో నామె 23 పాయింట్లు వేసి, 10 రీబౌండ్లు పట్టెను. పిమ్మట వృత్తిక్రీడలో 2020, 2022, 2024, 2025 సంవత్సరములలో నాలుగుమారులు అత్యుత్తమురాలిగ గౌరవింపబడెను. 2021 జనవరిలో కళాశాలవారు ఆమె విగ్రహమును ప్రతిష్ఠించిరి. నల్లజాతివారికి ప్రవేశము లేని దినములలో తన యవ్వ యీ విద్యాలయపు ఆవరణమున నడువజాలక చుట్టుదారిన పోయెడిదని విల్సన్ ఆ సందర్భమున చెప్పినది. మనిషిని చూచినంతనే ‘నీ చోటిది కాదు’ అని తీర్పుచెప్పు నలవాటు ఎంత చేటో యెఱుగుటకు ఇంతకుమించిన నిదర్శన మేల?

రెండవది అలియా బోస్టన్. అమెరికావారి ఏలుబడిలోని వర్జిన్ దీవులలో పుట్టి, 12 ఏండ్ల ప్రాయమున తల్లిదండ్రులను విడిచి, అక్కతో గూడ మసాచుసెట్స్‌లోని బంధువుల యింట నుండి చదువుకొనినది. 2019 నవంబరులో తన మొట్టమొదటి కళాశాలా ఆటలోనే 12 పాయింట్లు, 12 రీబౌండ్లు, 10 బ్లాకులు సాధించి యెల్లరను విస్మయపఱచెను. ఇచట మన సామెత నిజమైనదని యనుకొనవచ్చును. కాని తరువాతి కథ వినవలయును. 2021లో స్టాన్‌ఫర్డ్ జట్టుతో జరిగిన సెమీఫైనలునందు కడపటి క్షణమున నామె వేసిన బంతి అంచు తాకి వెలికి పోయెను. జట్టు 66–65తో నోడెను. కన్నీరు కార్చుచున్న యామె చిత్రములను దేశమంతయు చూచినది. ఆ మరుసటి సీజనులో నామె వరుసగ 27 ఆటలలో పాయింట్లును రీబౌండ్లును రెండంకెలకు చేర్చి, 2022 ఫైనలులో 16 రీబౌండ్లు పట్టి కనెక్టికట్ జట్టును 64–49తో నోడించుటలో ముందు నిలిచెను. 2023లో నపజయ మెఱుగక సాగిన జట్టు సెమీఫైనలున అయోవా చేతిలో 77–73తో నోడినపుడు, ఆరంభముననే ఫౌళ్లలో చిక్కుకొని యామె బల్లపై కూర్చుండవలసివచ్చెను. నాలుగేండ్లు పండిన ప్రజ్ఞకుసైతము ఫౌలు భయము తప్పలేదు. ఇక తొలియేటి బాలిక మాట చెప్పనేల?

మూడవది కమిల్లా కార్డోసో. బ్రెజిలు దేశస్థురాలు, 6 అడుగుల 7 అంగుళముల పొడవరి. బాల్యముననే భాష తెలియని దేశమునకు వచ్చి చదివినది. సిరక్యూస్ విశ్వవిద్యాలయమున నొక సంవత్సర మాడి పేరుపొంది, 2021లో దక్షిణ కరొలైనాకు వచ్చెను. అచట బోస్టన్ ముందు నుండుటచే రెండేండ్లు ఆటలో సగముకంటె తక్కువ కాలమే రంగమున నుండగలిగెను. బోస్టన్ వెడలినపిదప ఆమె వంతు వచ్చెను. 2024 మార్చి, ఏప్రిలు మాసములలో నొక్క నెల తిరుగకుండ జరిగిన మూడు సంగతులను గమనింపుడు. టెనెస్సీతో జరిగిన పోటీలో కడపటి క్షణమున దూరమునుండి మూడు పాయింట్ల బంతిని వేసి, 74–73తో జట్టును రక్షించెను. కళాశాలా ఆటలో నామె వేసిన మొదటి మూడు పాయింట్ల బంతి యదియే. మరునాడు లూసియానా స్టేట్ జట్టుతో నాడుచు ప్రత్యర్థినొకతెను త్రోసివేసి ఆటనుండి వెలి పంపబడెను, మఱియొక ఆటకు నిషేధింపబడెను. ఏప్రిలు 7న ఫైనలులో 15 పాయింట్లు, 17 రీబౌండ్లతో అయోవాను 87–75తో నోడించి, 38 ఆటలలో నొక్క యపజయము లేని జట్టునకు మకుటమైనది. ఈ మూడు దినములలో నేదో యొక దినమునుబట్టి యామెను నిర్ణయించినవాడు ఆమెను గూర్చి యేమి తెలిసికొనినట్లు?

ఒక్కచోట నోర్చి నిలుచుటయే ధర్మమని యిందుచే మే మనుటలేదు. లారెన్ బెట్స్ చరిత్రము దీనికి వేఱొక వైపు. దేశమున మొదటి శ్రేణిలో నెన్నబడి 2022లో స్టాన్‌ఫర్డున చేరిన యీ 6 అడుగుల 7 అంగుళముల బాలికకు, 40 నిమిషముల యాటలో సగటున పది నిమిషములైనను దక్కలేదు. పాయింట్లు సుమారు ఆఱు. పైపైన చూచినవారు పెద్దపేరు, చిన్నపని యనిరి. కాని దక్కిన నిమిషములకు సరిగ లెక్కించినచో, పూర్తి ఆటకు 20 పాయింట్లకు మించిన పని యది. ఆమె లాస్ ఏంజెలీస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు మారెను. 2024 జనవరిలో కొన్ని ఆటలకు దూరమై మనోవ్యాధికి చికిత్స పొందితినని పిదప తానే ధైర్యముగ వెల్లడించెను. 2025లో నాజట్టు ఎన్.సి.ఏ.ఏ. పోటీలలో తొలిసారి కడపటి నాలుగు జట్లలో నొకటి యగుటకు ప్రధానకారణ మామెయే. అంకెలు అబద్ధమాడలేదు, అంకెలను చదివినవారే తొందరపడిరి.

ఇట్లుండగా కొందఱు 2025 విజేతయగు కనెక్టికట్ జట్టును చూపి యాక్షేపింపవచ్చును. ఆ ఫైనలులో మొదటి యేటి బాలికయగు సారా స్ట్రాంగ్ 24 పాయింట్లు, 15 రీబౌండ్లు సాధించి, దక్షిణ కరొలైనాను 82–59తో నోడించుటకు తోడ్పడలేదా యని. తోడ్పడినది; కాదనము. కాని యామె తల్లి యాలిసన్ ఫీస్టర్ స్వయముగ వృత్తిక్రీడాకారిణి, తండ్రియు నాటగాడే. ఊయలనాటినుండి బంతి చప్పుడు విన్న పిల్లకు కళాశాలలో మొదటి యేడు నిజముగ మొదటి యేడు కాదు. అదే జట్టులోని ఈజిప్టు బాలిక జనా ఎల్ అల్ఫీ, మడమనరము తెగి 2023–24 సీజను సర్వము కోల్పోయి, 2025 నాటికి విజేతల వరుసలో నిలిచెను. ఇద్దఱిని నొకే త్రాసున తూచుట యెట్లు?

అట్లైన తూచవలసిన దేమి? ఆమె యెన్ని పాయింట్లు వేసినదని కాక, దక్కిన నిమిషములకు ఎన్ని వేసినదని చూడవలెను. బంతి చేతికి రాకముందు పాదము లెచట నున్నవో చూడవలెను. ఇద్దఱు మీదబడినపుడు తడబడి బంతిని కోల్పోవుచున్నదా, ఒంటరిగ నిలిచిన తనవారికి దాని నందించుచున్నదా? నవంబరులో నాటకు నాలుగు ఫౌళ్లు చేసినది ఫిబ్రవరికి రెండింటికి దిగినదా? ఫ్రీ త్రోలు కుదురుచున్నవా? ఆమె రంగమున నున్నపుడు ఎదిరిపక్షము బుట్టవద్దకు వచ్చుటకు వెనుదీయుచున్నదా? ఈ ప్రశ్నలకు సమాధానము ఒక్క రాత్రిలో దొరకదు. నవంబరును ఫిబ్రవరితోను, ఈ యేటిని వచ్చు నేటితోను పోల్చినపుడే దొరకును.

ఈ హెచ్చరిక నేడు మఱింత యవసరము. 2021నుండి విద్యార్థినులు ఒక యేడు ఆట మానుకొన నక్కఱలేకయే కళాశాల మారవచ్చును. తమ పేరుతో ధనార్జనయు చేయవచ్చును. ఈ స్వేచ్ఛ న్యాయమైనదే. శిక్షకులు విద్యాలయమునుండి విద్యాలయమునకు యథేచ్ఛగ పోవుచుండగా, బాలికలకే సంకెల యేల? కాని స్వేచ్ఛతోపాటు సంతబేరమును వచ్చినది. బేరగాండ్రకు ఓపిక యుండదు. పాత్రికేయులును పాలకవర్గములును వారి వెంట పరుగెత్తినచో, నెమ్మదిగ పండవలసిన ప్రజ్ఞ పిందెలోనే రాలిపోవును.

మన దేశమున నీ యాటకు ప్రచారము గలిగించినవారిలో వై.యం.సి.ఏ. వారు ముఖ్యులు. స్ప్రింగ్‌ఫీల్డున తర్ఫీదు పొందిన హారీ క్రో బక్ 1920లో మద్రాసున వ్యాయామ కళాశాలను స్థాపించెను. ఆంధ్రదేశపు పాఠశాలలకును నా విద్య యెఱుగనిది కాదు. తరగతిలో నెల్లరకంటె పొడవైన బాలికను బుట్టక్రింద నిలువబెట్టి, రెండు ఆటలలో పాయింట్లు రానంతమాత్రమున తొలగించు వ్యాయామోపాధ్యాయుడు గాని, ‘పొడవుగ నున్నావు, ఇంతేనా నీ యాట’ యని యెగతాళి చేయు పెద్దలు గాని మనలో నుండినచో, వారికిని నీ కథలలో పాఠము కలదు. పొడవు దైవదత్తము, అందులో బాలిక గొప్పయు లేదు, తప్పును లేదు. పాదములకు నేర్పు, చేతులకు నిగ్రహము, మనస్సునకు ధైర్యము నేర్పవలసిన బాధ్యత పెద్దలది. ఆ బాధ్యతను నెఱవేర్చిన పిదపగాని తీర్పుచెప్పు నధికారము వారికి లేదు.