ట్రక్కు వీపున ఇల్లు

అమెరికాలో ఉన్న మీ అన్నయ్యో, మేనకోడలో వేసవి సెలవుల ఫోటోలు పంపినప్పుడు వాటిలో ఒక వింత బండిని మీరు చూసే ఉంటారు. ముందు భాగం మామూలు పికప్ ట్రక్కు. వెనక, సామాను వేసుకునే తొట్టిలో, ఒక పెద్ద పెట్టె. ఆ పెట్టె కప్పు రెండడుగులు పైకి లేచి ఉంటుంది. కప్పుకీ పెట్టెకీ మధ్య నాలుగు వైపులా గుడారం గుడ్డ. దీన్నే పాప్-అప్ ట్రక్ క్యాంపర్ అంటారు. లోపల డ్రైవరు క్యాబిన్ నెత్తిన పడక, ఒక పొయ్యి, చిన్న ఫ్రిజ్, నీళ్ల ట్యాంకు ఉంటాయి. ప్రయాణంలో కప్పు దించుకుని, రాత్రి ఆగినచోట పైకెత్తుకుంటారు.

కప్పు దించడం దేనికంటారా? గాలి నిరోధం వేగం వర్గాన్నిబట్టి పెరుగుతుంది. గంటకు 50 కిలోమీటర్ల దగ్గర ఉన్న నిరోధం 100 కిలోమీటర్ల దగ్గర నాలుగింతలవుతుంది. గాలికి ఎదురొడ్డే ముఖం చిన్నదైతే పెట్రోలు ఆదా అవుతుంది. కప్పు కిందికి దిగితే బండి గరిమనాభి కూడా కొంత దిగుతుంది కాబట్టి మలుపుల్లో ఊగిసలాట తగ్గుతుంది.

కొత్తది ఖరీదు. అందుకే పాతది కొని బాగుచేసుకుందామనే ఆలోచన వస్తుంది. ఫోర్ వీల్ క్యాంపర్స్ అనే సంస్థ 1972 నుండి ఇలాంటివి చేస్తోంది కాబట్టి ఇరవై, ముప్పై ఏళ్లనాటి సరుకుకు కొదవలేదు. అలాంటిదొకటి కొనబోతున్న మనవాళ్లెవరైనా మిమ్మల్ని సలహా అడిగితే, పరుపులూ కర్టెన్లూ చూడొద్దని ముందుగా చెప్పండి. వాటిని ఒక్క ఆదివారంలో మార్చుకోవచ్చు. చూడవలసినవి వేరే ఉన్నాయి.

ముందు కాగితం, పెన్సిలు తీసుకుని ట్రక్కు దగ్గరకు వెళ్లాలి. డ్రైవరు తలుపు తెరిస్తే ద్వారబంధం మీద ఒక స్టిక్కరు కనిపిస్తుంది. మనుషులూ సామానూ కలిపి ఈ బండి ఎంత మోయగలదో దానిమీద రాసి ఉంటుంది. బాగా పాత ట్రక్కుకు ఆ స్టిక్కరు లేకపోతే, అనుమతించిన మొత్తం బరువులోనుండి ఖాళీ బండి బరువు తీసివేసి తెలుసుకోవాలి. ఉదాహరణకు అది 680 కిలోలు అనుకుందాం. క్యాంపర్ ఖాళీ బరువు 450 కిలోలని అమ్మేవాడు చెప్పాడు. ఇంకా 230 కిలోలు మిగిలాయి కదా అని సంతోషిస్తాం. కానీ తల్లిదండ్రులు, ఇద్దరు పిల్లలు కలిసి 190 కిలోలు. 75 లీటర్ల నీళ్లు 75 కిలోలు. నిండు గ్యాసు సిలిండరు 17, బ్యాటరీ 25, బట్టలు, గిన్నెలు, బియ్యం, దుప్పట్లు మరో 60. మొత్తం 817 కిలోలు! బండి మోయగలిగినదానికంటే 137 కిలోలు ఎక్కువ. ఇంతా చేసి, అమ్మేవాడు చెప్పిన 450 అనేది కొత్తగా ఉన్నప్పటి లెక్క. తర్వాత బిగించిన అరలు, తడిసి ఉబ్బిన చెక్క అందులో లేవు. అందుకే కొనే ముందే ట్రక్కులు తూచే కాటా మీదికి ఎక్కించి చూడాలి. అక్కడి జాతీయ రహదారుల పక్కన లారీలు ఆగేచోట, మన ధర్మకాటాల్లాంటివి ఉంటాయి.

బరువు ఎంత అనేది ఒక ప్రశ్న. అది ఎక్కడ పడుతోంది అనేది అంతకంటే ముఖ్యమైన ప్రశ్న. ఎద్దుల బండిలో సరుకు వెనక్కి ఎక్కువైతే ఏమవుతుంది? కాడి పైకి లేస్తుంది. ట్రక్కులోనూ అంతే. క్యాంపర్ గరిమనాభి వెనక ఇరుసుకు కాస్త ముందుగా పడాలి. ఇరుసు దాటి వెనక్కి పోతే ముందు చక్రాల మీద భారం తగ్గుతుంది. బండిని తిప్పేవి, బ్రేకు వేసినప్పుడు ఎక్కువ భారం పట్టేవి ఆ చక్రాలే. కాటా మీద ముందు ఇరుసును, వెనక ఇరుసును విడివిడిగా తూయిస్తే ఈ సంగతి బయటపడుతుంది. నీళ్ల ట్యాంకు ఎక్కడుందో కూడా చూడండి. అది నిండినప్పుడు ఒకలా, ఖాళీ అయినప్పుడు ఒకలా లెక్క మారుతుంది.

సరే, బరువు కుదిరింది. ఇప్పుడు నీటి సంగతి. పాత క్యాంపర్లను చంపేది తుప్పు కన్నా ఎక్కువగా నీరే, అదీ కప్పు అంచుల్లోంచి దూరే వాననీరు.

అది ఎలా దూరుతుంది? కప్పు పైన అల్యూమినియం రేకు, చాలావాటిలో దానికింద చెక్క. రెండు మీటర్ల నలభై సెంటీమీటర్ల పొడవున్న రేకు, సున్నా డిగ్రీల తెల్లవారుజాము నుండి 50 డిగ్రీల మధ్యాహ్నానికి దాదాపు 3 మిల్లీమీటర్లు సాగుతుంది. అంతే పొడవున్న చెక్క అర మిల్లీమీటరు మాత్రమే సాగుతుంది. ఒకదానికొకటి మరలతో బిగించిన ఈ రెండూ ప్రతిరోజూ ఇలా పెనుగులాడుతుంటే ఏళ్ల తరబడిలో మర రంధ్రాలు వదులవుతాయి, మధ్యనున్న లప్పం బీటలిస్తుంది. ఆ సన్నని బీట చాలు, కేశనాళికీయత వల్ల నీరు తనంతట తానే లోపలికి పాకుతుంది. పైన రేకు, కింద ప్లాస్టిక్ తొడుగు ఉండడంతో ఒకసారి దూరిన నీరు ఆరే దారి లేదు. చెక్కలో తేమ 20 శాతం దాటి నిలిస్తే శిలీంధ్రాలు పెరగడం మొదలుపెడతాయి. వాటికి ఆహారం చెక్కలోని సెల్యులోజే.

కాబట్టి కళ్లతో కాదు, బొటనవేలితో పరీక్షించాలి. క్యాబిన్ నెత్తిన ఉన్న పడక కింద, ముందు మూలల్లో, కిటికీల కింద, నేల అంచుల్లో గట్టిగా నొక్కండి. మెత్తగా లోపలికి పోతే అనుమానమే లేదు. రెండు సూదులున్న తేమమాపకం చవకగా దొరుకుతుంది. తడి చెక్క విద్యుత్తును ఎక్కువగా పోనిస్తుంది కాబట్టి సూదుల మధ్య నిరోధం కొలిచి తేమ శాతం చెబుతుంది. కప్పును ఎత్తే మడత పలకలు, వాటి బందుల దగ్గర కూడా గుచ్చి చూడాలి. తలమీద కూలేది అదే గనుక. గుడ్డలో చిల్లులు కనిపెట్టడం తేలిక. రాత్రి లోపల దీపం పెట్టి, బయట చీకట్లో నిలబడి చూస్తే చిల్లులన్నీ నక్షత్రాల్లా మెరుస్తాయి.

ఒక మూల పుచ్చితే బాగుచేసుకోవచ్చు. అంచు పట్టీలు విప్పి, పాత లప్పం మొత్తం గీకి, పుచ్చిన చెక్క తీసి కొత్తది వేసి, బ్యూటైల్ రబ్బరు పట్టీ పరిచి మళ్లీ బిగించాలి. బ్యూటైల్ గట్టిపడదు, రేకు సాగినా దాంతోపాటు సాగుతుంది. తొందరపడి పైపైన సిలికాన్ పూసేవారున్నారు. అది ఊడొచ్చిన రోజున దానిమీద మరే లప్పమూ అంటుకోదు. సిలికాన్ పులుములున్న కప్పు కనిపిస్తే బేరం ఇంకాస్త తగ్గించండి. నేల, ముందు గోడ రెండూ పుచ్చి ఉంటే మాత్రం బేరమే వద్దు.

ఇక గ్యాసు. మన వంటింటి సిలిండరులో బ్యూటేన్, ప్రొపేన్ కలిసి ఉంటాయి. బ్యూటేన్ దాదాపు సున్నా డిగ్రీల దగ్గరే ద్రవంగా ఉండిపోతుంది. చలిదేశంలో అది పనికిరాదు. అందుకే అక్కడ మైనస్ 42 డిగ్రీల దగ్గర మరిగే ప్రొపేన్ వాడతారు. ఇది గాలికన్నా ఒకటిన్నర రెట్లు బరువు. లీకైతే నేలమీద మడుగులా నిలుస్తుంది. గొట్టాల అతుకులన్నిటికీ సబ్బునీళ్లు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడాలి. గ్యాసు అలారం నేలకు దగ్గరగా ఉండాలి. ఫ్రిజ్ ఈ గ్యాసు మంటతోనే నడిచే రకం కావచ్చు. కంప్రెసర్ లేకుండా అమ్మోనియా, నీరు, హైడ్రోజన్‌లతో చల్లబరిచే ఈ పద్ధతిని 1922లో స్వీడన్‌లో వాన్ ప్లాటెన్, ముంటర్స్ అనే ఇద్దరు విద్యార్థులు కనిపెట్టారు. ఇది ద్రవాల వాలు మీద ఆధారపడుతుంది కాబట్టి బండి ఒరిగి నిలబడితే పనిచేయదు. వెనక పసుపు పొడి రాలి, అమ్మోనియా ఘాటు వస్తుంటే ఆ ఫ్రిజ్ పని అయిపోయినట్లే.

అన్నిటికంటే భయపడవలసింది వాసన లేని కార్బన్ మోనాక్సైడ్‌కు. చలి వేసినప్పుడు పొయ్యి వెలిగించి కాసేపు వెచ్చబరుచుకుందామనిపిస్తుంది. చిన్న గది, మూసిన కిటికీలు, తగ్గుతున్న ఆక్సిజన్. గ్యాసు సరిగా కాలక ఈ వాయువు పుడుతుంది. అది హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా రెండువందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, మగత. నిద్రలో ఉన్న పిల్లలు చెప్పలేరు కూడా. వెచ్చదనానికి పొగను బయటికి పంపే హీటరునే వాడాలి, పొయ్యిని ఎప్పుడూ కాదు. పాత క్యాంపర్‌లో గోడకున్న అలారంలో ఎర్రదీపం వెలిగినంత మాత్రాన నమ్మకూడదు. దానిలోని సెన్సరు కొన్నేళ్లకే మందగిస్తుంది. వెనకవైపు ముద్రించిన తేదీ చూసి, గడువు దాటితే కొత్తది పడక ఎత్తులో బిగించండి.

పెద్ద అడవుల్లో మరో చిక్కు ఉంది. ఎల్లోస్టోన్ పార్కులోని ఫిషింగ్ బ్రిడ్జ్ విడిదిలో గుడ్డ గోడలున్న బండ్లకు అనుమతి లేదు. కారణం గ్రిజ్లీ ఎలుగుబంట్లు. వెళ్లేముందే విడిది నిబంధనలు చదువుకోవాలి. అన్నట్టు, ఆ ఎత్తున నీరు 92 డిగ్రీలకే మరుగుతుంది. అన్నానికి కుక్కరు తీసుకెళ్లడం మంచిది.

నలుగురు మనుషులు రాత్రంతా ఊపిరి వదిలితే, చెమటతో కలిపి లీటరు నీరు గాలిలో చేరుతుంది. కిలో ప్రొపేన్ మండితే మరో ఒకటిన్నర కిలోలకు పైగా నీటి ఆవిరి పుడుతుంది. అదంతా చల్లని గుడ్డ మీద, అల్యూమినియం కప్పు కింద సాంద్రీకరణం చెంది బొట్లు బొట్లుగా కారుతుంది. అది చూసి కప్పు కారుతోందని కంగారుపడేవారున్నారు. పైన గాలి తూము, కింద ఒక కిటికీ వేలెడు తెరిచి పడుకుంటే చాలావరకు తగ్గుతుంది. తెల్లవారి తొందరలో గుడ్డ తడిగానే కప్పు దించేస్తే, ఇంటికి చేరిన రోజునే మళ్లీ ఎత్తి, పరుపులు నిలబెట్టి, పూర్తిగా ఆరేదాకా ఎండలో ఉంచాలి.