480 దగ్గర ఎవరాపారు?

ఇంట్లో ఫైబర్ కనెక్షన్ ఉంది. స్పీడ్ టెస్ట్ పెడితే 100 ఎంబీపీఎస్ చూపిస్తోంది. రైలు ప్రయాణంలో చూద్దామని ఓటీటీ యాప్‌లో ఒక సినిమా డౌన్‌లోడ్‌కి పెట్టి, స్టేషన్‌కి బయల్దేరాం. బెర్తెక్కి తెరిచి చూస్తే హీరో ముఖం మసగ్గా ఉంది, వెనకాల తోటంతా పచ్చటి మరక. వెంటనే నోటికొచ్చే మాట ఒక్కటే: "నెట్ సరిగ్గా లేదు."

ఆన్‌లైన్‌లో చూస్తున్నప్పుడైతే ఈ మాటలో నిజం ఉండొచ్చు. డౌన్‌లోడ్ సంగతి వేరు. నెట్ నెమ్మదిగా ఉంటే డౌన్‌లోడ్ ఆలస్యమవుతుందే కానీ బొమ్మ చిన్నదైపోదు. 1080పి ఫైలు గంటలో వచ్చినా, తెల్లారేదాకా వచ్చినా 1080పి ఫైలే. అయినా చేతికొచ్చింది 480 అయిందంటే, దాన్ని ఎవరో ఎక్కడో ఆపారన్నమాట. ఆ ఎవరో ఎవరన్నది తేల్చాలంటే ముందు కాస్త లెక్క చూడాలి.

1080పి బొమ్మలో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుంటాయి. మొత్తం 20,73,600. ఒక్కో చుక్క రంగు చెప్పడానికి 24 బిట్లు, సెకనుకు 24 ఫ్రేములు అనుకుంటే సెకనుకు దాదాపు 119 కోట్ల బిట్లు కావాలి. రెండున్నర గంటల సినిమాకి 1,300 జీబీ పైమాటే. అందుకే కోడెక్ అనే కుదింపు పద్ధతి అవసరమైంది. ఒక ఫ్రేము నుంచి తర్వాతి ఫ్రేముకి మారని భాగాన్ని మళ్లీ రాయదు, కదిలిన దాన్ని "ఇది అటు జరిగింది" అని మాత్రమే రాసుకుంటుంది, కంటికి పెద్దగా ఆనని వివరాన్ని వదిలేస్తుంది. 2003లో వచ్చిన హెచ్‌.264 అనే కోడెక్‌తో సెకనుకు 50 లక్షల బిట్లకి కుదించినా 1080పి బొమ్మ బాగానే ఉంటుంది. అంటే అసలులో సుమారు 240వ వంతు. మన సినిమా ఐదున్నర జీబీ చిల్లరకి దిగుతుంది. 2013లో వచ్చిన హెచ్‌ఈవీసీ, వీపీ9, 2018లో వచ్చిన ఏవీ1 ఇంకా పొదుపరులు.

అయితే స్ట్రీమింగ్ కంపెనీ సినిమాని ఒకే ఫైలుగా పెట్టుకోదు. 240, 360, 480, 720, 1080, 4కె అంటూ అదే సినిమాకి చాలా కాపీలు తయారుచేస్తుంది. ఒక్కో కాపీని కొద్ది సెకన్ల ముక్కలుగా కోస్తుంది. ఏ ముక్క ఎక్కడుందో చెప్పే చిన్న జాబితా ఒకటి పక్కన పెడుతుంది. ఈ జాబితా ఎలా ఉండాలన్నదానికి యాపిల్ 2009లో హెచ్‌ఎల్‌ఎస్ అనే పద్ధతి తెచ్చింది. డ్యాష్ అనే మరో పద్ధతి 2012లో అంతర్జాతీయ ప్రమాణమైంది. మనం చూస్తున్నంతసేపూ ప్లేయర్ గత ముక్క ఎంత వేగంగా వచ్చిందో, ఇంకా ఎన్ని సెకన్ల సరుకు చేతిలో ఉందో చూసుకుంటూ తర్వాతి ముక్కని ఏ కాపీ నుంచి తేవాలో నిర్ణయిస్తుంది. పాట మధ్యలో బొమ్మ ఒక్కసారిగా మసకబారి, మళ్లీ తేరుకోవడం ఇందుకే. డౌన్‌లోడ్‌లో ఈ ఊగిసలాట ఉండదు. ఒక కాపీని ఎంచుకుని, దాని ముక్కలన్నీ తెచ్చుకోవడమే.

నెట్ కారణంగానే దేశమంతా 480 దగ్గర ఆగిన సందర్భం మాత్రం ఒకటుంది. 2020 మార్చి 24న, లాక్‌డౌన్ మొదలవుతుండగా, మన దేశంలోని పెద్ద స్ట్రీమింగ్ కంపెనీలు మాట్లాడుకుని మొబైల్ నెట్‌వర్క్‌లో 480పి మించి ఇవ్వకూడదని తీర్మానించుకున్నాయి. ఏప్రిల్ 14 దాకా అని ప్రకటించారు. కోట్లమంది ఒక్కసారిగా ఇళ్లలో కూర్చుని చూడటం మొదలుపెడితే సెల్ టవర్లు తట్టుకోలేవని భయం. 480పి బొమ్మలో చుక్కలు 1080పి బొమ్మలో ఐదో వంతే కాబట్టి భారం బాగా తగ్గుతుంది. ఇదొక్కటీ పక్కన పెడితే, మిగతా కారణాలు నెట్‌కి బయటే ఉన్నాయి.

మొదట చూడాల్సింది అసలు కాపీ. యూట్యూబ్‌లో పాత సినిమా పాట 360 దాటి ఎంపికే చూపించకపోతే యాప్‌ని తిట్టి లాభం లేదు. ఎక్కించిన వాళ్ల దగ్గర ఉన్నదే అంత. 2000ల తొలి ఏళ్లలో మన ఇళ్లలో రాజ్యమేలిన వీసీడీలో బొమ్మ 352 చుక్కల వెడల్పు, 288 చుక్కల ఎత్తు. ఆ డిస్కుల నుంచే బోలెడు పాటలు నెట్‌లోకి ఎక్కాయి. పైగా 2005లో మొదలైన యూట్యూబ్ తొలి ఏళ్లలో 320 × 240 బొమ్మే చూపించేది. 720పి 2008లో, 1080పి 2009లో వచ్చాయి. అంతకుముందు ఎక్కించినవి అలాగే ఉండిపోయాయి. ఇలాంటి వీడియోని 'హెచ్‌డీగా మారుస్తాం' అనే యాప్‌లో పెడితే మజ్జిగలో నీళ్లు కలిపినట్టే. గ్లాసులు పెరుగుతాయి, పెరుగు పెరగదు. చిత్రమేమిటంటే సినిమాలో మాత్రం లోపం లేదు. 1957 నాటి 'మాయాబజార్' కాలపు సినిమాలు 35 ఎం.ఎం. ఫిల్మ్ మీద తీసినవి. నెగటివ్ బాగుంటే అందులోంచి వీసీడీకి అందనంత వివరం స్కాన్ చేసి తీయొచ్చు. పాడు చేసింది మధ్యలోని డిస్కులూ టేపులే.

దీనికి పూర్తిగా ఎదురు సమస్య కొత్త ట్రైలర్లది. సాయంత్రం విడుదలైన ట్రైలర్‌ని మొదటి నిమిషంలోనే తెరిచిన అభిమానికి 360పి మాత్రమే కనిపించవచ్చు. యూట్యూబ్ ముందు చిన్న కాపీలు సిద్ధం చేసి వదిలి, పెద్దవి తర్వాత చేర్చుతుంది. 4కె కాపీకి గంటలు పట్టడమూ మామూలే. కాసేపాగి చూడటం కన్నా చేయాల్సింది లేదు. నిర్మాతలు ముందురోజే రహస్యంగా ఎక్కించి, టైముకి బయటపెడితే ఈ గోల ఉండదు.

సొంత వీడియోల దగ్గర ఎదురయ్యే చిక్కు ఇంకొకటుంది, ఇది చాలామందికి తెలియదు. ఎప్పుడో పెళ్లి వీడియో యూట్యూబ్‌లో ప్రైవేట్‌గా దాచుకున్నారు. హార్డ్ డిస్క్ పోయింది. యూట్యూబ్ స్టూడియోలోకి వెళ్లి డౌన్‌లోడ్ నొక్కితే 720పి మించి రాదు, ఎక్కించింది 4కె అయినా సరే. అది ఆ మీట హద్దు. అదే ఖాతాతో గూగుల్ టేకవుట్‌కి వెళ్లి యూట్యూబ్ వీడియోలు అడిగితే, అసలు ఫైలు అందుబాటులో ఉన్నంతవరకు ఎక్కించిన రూపంలోనే ఇస్తుంది. 720 చూసి అసలు పోయిందనుకుని దిగులుపడే ముందు ఈ దారి ప్రయత్నించాలి.

ఈ హద్దు వెనక పాత కథ ఉంది. ఒకప్పుడు బొమ్మా శబ్దం కలిసిన ఒకే ఫైలుగా వీడియో వచ్చేది. ముక్కల పద్ధతి వచ్చాక బొమ్మ వేరు, శబ్దం వేరు అయ్యాయి. ఒకే శబ్దాన్ని ఆరు రకాల బొమ్మలకి వాడుకోవచ్చు, తెలుగు, తమిళం, హిందీ డబ్బింగులకి బొమ్మని మళ్లీ మళ్లీ దాచక్కర్లేదు. మంచి పొదుపే. కానీ రెండూ కలిసిన పాతరకం ఫైళ్లు కింది మెట్లలోనే మిగిలాయి. "ఒకే ఫైలు ఇవ్వు" అని అడిగే పాత సాఫ్ట్‌వేర్‌కి 360 దొరకడం, లేదా 1080 వచ్చి అందులో మాట వినపడకపోవడం ఈ చీలిక వల్లే.

ఇక అసలైన కాపలా తాళం చెవిది. ఓటీటీ సినిమాలు గిలకొట్టిన రూపంలో వస్తాయి. విప్పే తాళం చెవి విడిగా వస్తుంది. ఈ ఏర్పాటునే డీఆర్‌ఎం అంటారు. యాపిల్ పరికరాల్లో ఫెయిర్‌ప్లే, విండోస్‌లో ప్లేరెడీ, ఆండ్రాయిడ్‌లో వైడ్‌వైన్. ఈ వైడ్‌వైన్‌ని గూగుల్ 2010లో కొనుక్కుంది. ఇందులో స్థాయిలున్నాయి. ఎల్‌1 ఉన్న ఫోన్‌లో తాళం తీయడం, బొమ్మ విప్పడం రెండూ ప్రాసెసర్‌లోని ఒక రక్షిత భాగంలోనే జరుగుతాయి. ఆండ్రాయిడ్‌కి కూడా ఆ లోపల ఏముందో కనిపించదు. ఎల్‌3 ఉన్న ఫోన్‌లో ఆ పనంతా మామూలు సాఫ్ట్‌వేరే చేస్తుంది. దాన్ని ఛేదించడం తేలిక. అందుకని నెట్‌ఫ్లిక్స్ లాంటి సంస్థలు ఎల్‌3 ఫోన్లకి హెచ్‌డీ కాపీల తాళం చెవి ఇవ్వవు. ఫోన్ ఖరీదు, ర్యామ్, తెర ఇవేవీ లెక్కలోకి రావు. 2018లో వచ్చిన పోకో ఎఫ్1 అప్పటి అగ్రశ్రేణి స్నాప్‌డ్రాగన్ 845 ప్రాసెసర్‌తో వచ్చి కూడా ఎల్‌3 కావడంతో హెచ్‌డీకి నోచుకోలేదు. 2019లో అప్‌డేట్‌తో గానీ సంగతి చక్కబడలేదు. ఫోన్ రూట్ చేసినా, బూట్‌లోడర్ తెరిచినా చాలా ఫోన్లు ఎల్‌1 నుంచి ఎల్‌3కి జారిపోతాయి. సెకండ్‌హ్యాండ్ ఫోన్ కొన్నవాళ్లకి ఇది తెలియకుండానే సంక్రమిస్తుంది.

దీన్ని కనుక్కోవడం సులువు. ఆండ్రాయిడ్ నెట్‌ఫ్లిక్స్ యాప్ సెట్టింగుల్లో 'ప్లేబ్యాక్ స్పెసిఫికేషన్' అని ఉంటుంది; అందులో వైడ్‌వైన్ స్థాయి, గరిష్ఠ రిజల్యూషన్ రాసి ఉంటాయి. ప్లేస్టోర్‌లోని 'డీఆర్‌ఎం ఇన్ఫో' యాప్ కూడా స్థాయి చెబుతుంది. ఎల్‌3 అని ఉంటే ఇక వైఫై మార్చడం, యాప్ తీసేసి మళ్లీ పెట్టడం అన్నీ దండగ. కంపెనీ అప్‌డేట్ ఇస్తే తప్ప మారదు.

నా మటుకు ఈ ఏర్పాటులో న్యాయం తక్కువ కనిపిస్తుంది. దొంగ కాపీలు ఆపడానికని పెట్టిన తాళం ఇది. దొంగ సైట్లలో మాత్రం విడుదలైన రోజే పూర్తి హెచ్‌డీ కాపీలు తిరుగుతుంటాయి. డబ్బు కట్టి, రసీదు పెట్టుకుని, చట్టప్రకారం చూస్తున్న మనిషికి మిగిలింది 480. అలాగని తాళం పగలగొట్టే సాఫ్ట్‌వేర్ వెతకమని నేను చెప్పను. 2012 సవరణతో మన కాపీరైట్ చట్టంలో చేరిన 65ఎ సెక్షన్ ప్రకారం, హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశంతో ఇలాంటి రక్షణల్ని ఛేదిస్తే రెండేళ్ల దాకా జైలు.

కట్టిన డబ్బు సంగతి తేలిగ్గానే తేలుతుంది. నెట్‌ఫ్లిక్స్ 2019 జులైలో మన దేశంలో మొబైల్ ప్లాన్ 199 రూపాయలకి తెచ్చింది, 2021 డిసెంబర్‌లో 149 చేసింది. అందులో హద్దు 480పి. యూట్యూబ్ యాప్‌లో వీడియో దాచుకునే వీలు మనకి 2014 డిసెంబర్‌లోనే వచ్చినా, పై నాణ్యతలన్నీ ప్రీమియం చందాదారులకే. ఏ ప్లాన్‌లో ఉన్నామో మర్చిపోయి సెట్టింగులన్నీ తిరగేసేవాళ్లు బోలెడుమంది. ప్లాన్ సరిగ్గానే ఉంటే డౌన్‌లోడ్ నాణ్యత సెట్టింగు చూడాలి. స్టోరేజీ నిండకుండా చాలా యాప్‌లు దాన్ని 'స్టాండర్డ్' దగ్గరే పెట్టి ఉంచుతాయి. దాన్ని పైకి మార్చినంత మాత్రాన ముందే దించుకున్న సినిమా బాగుపడదు. చెరిపేసి మళ్లీ దించుకోవాలి.

కోడెక్ తగాదా ఒకటి మిగిలింది. యూట్యూబ్ 4కె కాపీలు వీపీ9, ఏవీ1లలో ఉంటాయి. యాపిల్ చాలాకాలం వీపీ9ని ఒప్పుకోలేదు. 2020లో ఐఓఎస్ 14 వచ్చేదాకా ఐఫోన్‌లో యూట్యూబ్ 4కె లేదు. తెరలో, చిప్‌లో ఏ మార్పూ అక్కర్లేకుండానే ఒక అప్‌డేట్‌తో అది కనిపించడం మొదలైంది.

చివరగా, లోపమే లేని చోట కంగారుపడేవాళ్ల సంగతి. వీడియో వివరాలు తెరిస్తే 1920 × 804 అని ఉంటుంది. 1080 ఏదీ? అల్లూరి సీతారామరాజు సినిమాతో 1974లో తెలుగుకి సినిమాస్కోప్ వచ్చింది. ఆ వెడల్పాటి చట్రమే ఇప్పటికీ మన పెద్ద సినిమాల్లో ఎక్కువ. వెడల్పు ఎత్తుకి 2.39 రెట్లు. 1920ని 2.39తో భాగిస్తే 803 చిల్లర. టీవీ తెర మీద పైనా కిందా కనిపించే నల్ల పట్టీలని ఫైల్లో దాచడం ఎందుకని కోసేస్తారు, అంతే. వెడల్పు 1920 ఉందంటే అది పూర్తి కాపీయే. దాన్ని చెరిపేసి మళ్లీ దించుకుంటే ఇంకో ఐదు జీబీ డేటా ఖర్చయి, మళ్లీ అదే 804 వస్తుంది.