ఊపును మింగే గొట్టం

హయత్‌నగర్‌లో విజయవాడ హైవే దిగి కాలనీల్లోకి మళ్లే చోట, ఏదైనా స్పీడ్‌బ్రేకర్ పక్కన కాసేపు నిలబడి కార్లను చూడండి. కొన్ని ఒకసారి లేచి, దిగి, సర్దుకుని పోతాయి. కొన్ని దాటేశాక కూడా తూగుతూనే పోతాయి. ఈ రెండో రకం బండ్లలో స్ప్రింగులు బాగానే ఉంటాయి, షాకులు పోయి ఉంటాయి. ఆ పక్కనే ఉన్న ఆటోనగర్‌లో మెకానిక్ అయితే కారు మూల మీద ఒక్క నొక్కు నొక్కి వదిలి ఈ సంగతి తేల్చేస్తాడు.

స్ప్రింగుకు తెలిసింది ఒక్కటే, పుచ్చుకున్న శక్తిని తిరిగి ఇచ్చేయడం. గతుకెక్కి చక్రం లేస్తే అది ముడుచుకుంటుంది, మరుక్షణం విచ్చుకుంటుంది. దాని మానాన దాన్ని వదిలేస్తే కారు సెకనుకు ఇంచుమించు ఒకటి, ఒకటిన్నర సార్లు ఊగుతూనే ఉంటుంది. ఆ శక్తిని ఎక్కడో ఒకచోట ఖర్చు పెట్టాలి. ఆ పని షాక్ అబ్జార్బర్‌ది. గొట్టం నిండా నూనె, నూనెలో పిస్టన్, పిస్టన్‌కు సన్నని రంధ్రాలు, వాటిని మూస్తూ పలుచని ఉక్కు బిళ్లలు. చక్రం కదిలినప్పుడల్లా నూనె ఆ ఇరుకు దారుల్లోంచి దూరాలి. దూరేటప్పుడు వేడెక్కుతుంది. ఊపు వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది.

గుర్రబ్బండ్ల కాలంలో దీని అవసరం అంతగా పడలేదు. కమాన్ పట్టీలు ఒకదానితో ఒకటి రాసుకుని ఊపును కొంత తినేసేవి. కార్ల వేగానికి ఆ రాపిడి చాలలేదు. ఫ్రాన్సులో త్రూఫో అనే ఆయన కత్తెరలా ముడుచుకునే రెండు చేతుల మధ్య రాపిడి బిళ్లలు పెట్టాడు. దాన్ని అమెరికాలో ఎడ్వర్డ్ హార్ట్‌ఫర్డ్ కార్లకు తగిలించి అమ్మాడు. నడిమి నట్టు బిగిస్తే గట్టి, వదిలితే మెత్తన. ఇవాళ ఖరీదైన షాకులకు ఉండే సర్దుబాటు గుబ్బకు తాత ఈ నట్టే.

కానీ రాపిడికి ఒక చెడ్డ గుణం ఉంది. చిన్న గతుక్కి బిగుసుకుపోతుంది, పెద్ద గతుక్కి చాలదు. నూనె తీరు వేరు. ఎంత వేగంగా తోస్తే అంత ఎదురు తిరుగుతుంది. అందుకే క్రమంగా నూనె షాకులదే పైచేయి అయింది. 1950లో ఫోర్డ్ కార్లలో మెక్‌ఫర్సన్ అనే ఇంజనీరు స్ప్రింగునూ షాకునూ ఒకే కాలుగా కలిపేశాడు. మారుతి 800 ముందు చక్రాల దగ్గర ఉన్నది అదే ఏర్పాటు. అయితే తీవ్రంగా కుదిపితే నూనె నురగ కట్టి పట్టు తప్పుతుంది. 1953 ప్రాంతంలో ఫ్రెంచివాడు ద కార్బన్ గొట్టం ఒక చివర నైట్రోజన్‌ను ఒత్తిడితో బంధించి దానికి మందు కనిపెట్టాడు. హాలెండులో 1857లో గుర్రాల జీన్ల పనితో మొదలైన కోనీ, సర్దుబాటు షాకులకు పేరు మోసింది. వాటిలో పాత రకాన్ని బండి నుంచి విప్పి, పూర్తిగా నొక్కి పట్టి, తిప్పాలి. ఇప్పుడైతే గుబ్బ తిప్పుతూ టిక్కులు లెక్కపెడితే చాలు.

అసలు చిక్కు ముందుకీ వెనక్కీ మధ్య ఉంది. రోల్స్‌రాయిస్‌లో పనిచేసి 1930లో క్యాడిలాక్‌లో చేరిన మారిస్ ఓలీ, కారుకు అటూ ఇటూ జరపగలిగే బరువులు కట్టి పరీక్షలు చేసి ఈ చిక్కు విప్పాడు. ఇరుసుల మధ్య 2.4 మీటర్లున్న కారు గంటకు 36 కిలోమీటర్ల వేగంతో పోతుంటే, ముందు చక్రాలు ఎక్కిన గతుకును వెనక చక్రాలు దాదాపు పావు సెకను ఆలస్యంగా ఎక్కుతాయి. అప్పటికే ముక్కు ఊగడం మొదలుపెట్టి ఉంటుంది. వెనక స్ప్రింగుల ఊపు ముందువాటికన్నా కాస్త త్వరగా సాగితే, వెనక భాగం ముందు భాగాన్ని అందుకుంటుంది, తూగుడు తగ్గుతుంది. అలా అందుకున్నాక రెండు ఊపులనూ అణచవలసింది షాకులు. అందుకే ముందు జత మార్చేసి, కారిపోతున్న వెనక జతను అలాగే వదిలేయడం నాకు అర్థం కాని పొదుపు.

ఇంటిల్లిపాదీ ఎక్కి, డిక్కీ నింపి విజయవాడ బయల్దేరితే బరువులో ఎక్కువ వాటా వెనక పడుతుంది. ఖాళీ బండికి సరిపోయిన షాకు ఆ బరువుకు బలహీనమవుతుంది. సర్దుబాటు ఉన్న బండికైతే వెనక ఒకటి రెండు టిక్కులు బిగించాలి, తిరిగొచ్చాక మళ్లీ వదలాలి. ముందుగా టైర్లలో గాలి, బుష్‌లు చూసుకోవాలి. గుబ్బను పూర్తిగా బిగించి, అక్కణ్నుంచి వెనక్కి లెక్కపెట్టాలి. కుడి ఎడమలు సమానంగా ఉండాలి. ఒకసారికి ముందో వెనకో ఒక కొసనే ముట్టుకోవాలి.

గుబ్బ కనిపించగానే చివరంటా బిగించే కుర్రాళ్లు ఎక్కువ. స్ప్రింగు విచ్చుకునేటప్పుడు పట్టి ఉంచే బలం మితి మీరితే, వరస గతుకుల మీద చక్రం కిందికి రావడానికి వ్యవధి ఉండదు. బండి అంతకంతకూ కుంగుతుంది, టైరు రోడ్డును వదులుతుంది. పట్టు పెంచాలనుకున్నవాడికి ఉన్న పట్టే పోతుంది. బ్రేకు వేసినప్పుడు ముక్కు ఎంత దిగుతుందో గుబ్బ చెప్పదు, ఎంత వేగంగా దిగుతుందో చెబుతుంది. పందెంలో ఆ తేడా చాలా విలువైనది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున, మామూలు రోజుల్లో బస్సులూ స్కూటర్లూ తిరిగే రోడ్ల మీద ఫార్ములా ఈ కరెంటు పందెపు కార్లు పరుగెత్తాయి. నగర రోడ్డు పందెపు ట్రాక్ అంత నున్నగా ఉండదు కాబట్టి అలాంటి చోట గట్టి షాకే మంచి షాకు అనుకోవడానికి వీల్లేదు.

మన కార్లలో చాలావాటికి అసలు గుబ్బే ఉండదు, షాకు మెత్తగా ఉండాలో గట్టిగా ఉండాలో ఫ్యాక్టరీలోనే తేలిపోతుంది. మనం చూడవలసింది గొట్టం మీద దుమ్ము అంటుకున్న నూనె తడి, టైరు చుట్టూ అక్కడక్కడ అరిగిన మచ్చలు. అవి కనబడితే ఆ ఇరుసుకు రెండు షాకులూ కలిపే మార్చాలి. ఒక్కటే మారిస్తే కొత్త పక్క గట్టిగా, పాత పక్క మెత్తగా తయారై, మలుపుల్లో బండి ఒక్కో వైపుకు ఒక్కో తీరున ఒరుగుతుంది.