అద్దకపు పరిశ్రమ: పోటీ నెరిగి చోటు చూచుకొనుట

గుడివాడ నుండి మచిలీపట్నమునకు పోవు రైలు మార్గమున పెడన కలదు. ఈ పట్టణమునందును, చుట్టుపట్ల గ్రామములందును కొయ్య అచ్చులతో బట్టలపై రంగులద్దు పని అనేక కుటుంబములకు జీవనాధారము. ఈ ప్రాంతమున ఒక యువకుడో, ఒక మహిళా పొదుపు సంఘమో అద్దకపు షెడ్డు పెట్టదలచి, బ్యాంకు అప్పు విషయమున పంచాయతీ సభ్యుల సలహా కోరుట సహజము. పని వచ్చునా, స్థలమున్నదా అని విచారించి ఊరకొనిన చాలదు. ఆ సరుకును ఎవరు కొందురు? అట్టి సరుకునే మరెవరు అమ్ముచున్నారు? వారి నడుమ మన చోటు ఏది? ఈ మూడు ప్రశ్నలకు జవాబు తెలియక తెచ్చిన అప్పు కుటుంబమునకు బరువగును.

ఈ వృత్తికి పోటీ క్రొత్త కాదు. 1611లో ఆంగ్ల వర్తకులు మచిలీపట్నమున దిగుటకు ఒక ముఖ్య కారణము ఇచ్చటి వస్త్రములే. ఈ బట్టలకు యూరపులో గిరాకీ మితిమీరగా అచ్చటి నేతవారు తట్టుకొనలేక తమ ప్రభుత్వములను ఆశ్రయించిరి. ఫ్రాన్సు 1686లోను, ఇంగ్లండు 1701 నుండియు ఇట్టి దిగుమతి బట్టల వాడకమును నిషేధించినవి. 1783లో రాగి రోలరుతో బట్టలపై ముద్రించు యంత్రమునకు పేటెంటు లభించెను. అటుపిమ్మట చౌక ధరలో యంత్రమును మించుట చేతిపనికి సాధ్యము కాలేదు. 1952లో ఏర్పడిన అఖిల భారత హస్తకళల బోర్డు, కమలాదేవి చటోపాధ్యాయ నాయకత్వమున, ఈ కళ మరల తలయెత్తుటకు తోడ్పడెను. ధరలో ఓడిన పని నాణ్యముచేతను, ప్రత్యేకతచేతను నిలిచినది. నేటి వ్యాపారమునకును పాఠమిదియే.

ఇక నేటి పోటీదారులను పరికింతము. మొదటివాడు మన పొరుగువాడే. స్క్రీనుపై రసాయనపు రంగుతో ముద్రించువాడు ఒక్క దినమున చేయు సరుకును అచ్చు అద్దకమువాడు అనేక దినములకు గాని చేయలేడు. రెండవది సూరత్తు వంటి నగరములలో యంత్రములపై అచ్చయి వచ్చు బట్ట. మన నమూనాలే దానిపై కనుపించును. ధర మాత్రము తక్కువ. మూడవవారు రాజస్థానమందలి సాంగనేరు, బగ్రూలలోను, కచ్ఛి ప్రాంతమునను చేతి అచ్చులతో అద్దువారు. నాణ్యము కోరు కొనుగోలుదారుడు మన బట్టను పోల్చి చూచునది వీరి బట్టతోనే. నాలుగవది శ్రీకాళహస్తి. అచ్చట కలముతో పురాణగాథలను చిత్రింతురు, పని వేరు. ఆ భేదమును కొనువారికి వివరించిన చాలును.

స్క్రీను బల్ల పెట్టుట సులభము. నేడు ఒకరికి లాభము వచ్చిన రేపు పదిమంది ఆ పనికి పూనుకొందురు; అంతటితో ధర పడిపోవును. అచ్చు అద్దకము అట్లు కాదు. బట్టను కరక్కాయ రసములో ముంచవలెను. తుప్పుపట్టిన యినుమును బెల్లపు నీటిలో ఊరవేసి నలుపు చేయవలెను. పటిక అద్దిన చోట ఎరుపు పట్టును. అధికమైన పటిక పోవుటకు పారు నీటిలో జాడింపవలెను. ఒక అచ్చు గుర్తుపై మరియొక అచ్చు సరిగా కూర్చుండుటకు ఏండ్ల తరబడి అలవడిన చేయి కావలెను. ఈ కష్టమే వృత్తికి కోటగోడ. దానిని కూల్చుకొని చౌక సరుకు వెంట పరుగెత్తినవాడు రెంటికిని చెడును. అతని ధర స్క్రీను ధరకు దిగదు. అతని పేరు చేతిపని పేరుగా మిగులదు.

కావున క్రొత్తగా పని ప్రారంభించువారికి మా సలహా యిది. చౌక చీరల బజారును విడిచి, సహజ రంగులను అడిగి కొనువారికి దుప్పట్లు, దుస్తుల గుడ్డలు చేయుడు. ఒక్క వర్తకుని ఆర్డరుపైననే ఆధారపడకుడు. అతడు మానుకొన్న నాడు షెడ్డు మూతపడును. ఎరుపునకు కృత్రిమ అలిజరిన్ వాడినచో ఆ సంగతి దాచకుడు. స్క్రీను పని చేయుట తప్పు కాదు. దానిని చేతి అద్దకమని అమ్ముటయే తప్పు. మచిలీపట్నం కలంకారీ 1999 నాటి చట్టము క్రింద భౌగోళిక గుర్తింపు పొందినది. అర్హులైన పనివారు తమ పేర్లను అధీకృత వినియోగదారులుగా నమోదు చేయించుకొనినగాని ఆ గుర్తింపు వారి చేతికి ఆయుధము కాదు.

పంచాయతీ చేయదగిన పనులును కలవు. అద్దకమునకు ప్రాణము కాలువ నీరు. వేసవిలో కాలువలు కట్టివేయు దినములను ముందుగా పనివారికి తెలియజేసిన వారు ఉతుకు పనిని ముగించుకొందురు. రసాయనపు రంగు నీరు అదే కాలువలో కలిసినచో పశువులకు కీడు, చేతి అద్దకమునకు నష్టము. ఆ నీటిని శుద్ధిచేయు ఏర్పాటును గ్రామ ప్రణాళికలో చేర్చుటకు గ్రామసభలో చర్చింపవలెను. నమోదు దరఖాస్తులు నింపుటలో చదువురాని పనివారికి సభ్యులు తోడ్పడవలెను.

ఈ విచారణ అద్దకమునకే పరిమితము కాదు. దివిసీమలో రొయ్యల చెరువు త్రవ్వువానికి పోటీ ప్రక్క చెరువు ఒక్కటే కాదు. వేల మైళ్ల దూరమందలి ఈక్వడార్ దేశము కూడ. గుడివాడలో బియ్యపు మిల్లు పెట్టువాడు పొరుగు జిల్లాల మిల్లులను లెక్కింపవలెను. నీటి లోతు చూడక పడవ దింపని ప్రాంతము మనది. వ్యాపారమున దిగువాడును ఆ జాగ్రత్తయే పాటించునట్లు చూచుట, ఊరి మేలు కోరు సభ్యుల బాధ్యత.