తప్పు దిద్దితే చాలదు, రాసిపెట్టుకోవాలి

సరదా కొద్దీ సొంతంగా సాఫ్ట్‌వేర్ రాసుకునేవాళ్లకు పైన మేనేజర్ ఉండడు, గడువు ఉండదు. తప్పులు వెతికిపెట్టే టెస్టింగ్ టీమ్ కూడా ఉండదు. కోడ్ రాసేదీ, పరీక్షించేదీ ఒక్కరే. కాబట్టి దొరికిన ప్రతి తప్పునూ ఏం చేస్తామన్న దాన్నిబట్టే అక్కడ నేర్చుకునేది ఉంటుంది.

తెలుగు గళ్లనుడికట్టు తయారుచేసే ప్రోగ్రామ్‌నే తీసుకుందాం. గడికో అక్షరం పడాలి. ‘స్త్రీ’ అని ఇస్తే ప్రోగ్రామ్ ఆరు గళ్లు అడుగుతుంది. మన కంటికి అది ఒక్క అక్షరమే. యూనికోడ్‌లో మాత్రం స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అని ఆరు సంకేతాలు. గుణింతం గుర్తుల్నీ పొల్లునూ లెక్కలోంచి తీసేస్తే ఆరు కాస్తా మూడవుతుంది. పొల్లు తర్వాత వచ్చే హల్లును ముందు అక్షరానికే కలపాలని రాస్తే అప్పుడు ఒకటి వస్తుంది.

పని అయిపోయిందనిపిస్తుంది. ‘సాఫ్ట్‌వేర్’ అనే మాట ఇవ్వగానే మళ్లీ చిక్కు: మధ్యలో ఒక ఖాళీ గడి! ‘ట్’కూ ‘వే’కూ నడుమ, అవి కలిసి ఒత్తుగా మారకుండా ఆపే గుర్తు ఒకటి ఉంది. అది కంటికి కనబడదు. పనికిరానిదనుకుని దాన్ని ముందే చెరిపేస్తే ఖాళీ గడి పోతుంది గానీ, ‘ఫ్ట్’, ‘వే’ రెండూ ఒకే గడిలో ఇరుక్కుంటాయి. ఆ గుర్తుకు గడి ఇవ్వకూడదు, అక్షరాలను విడదీసే పని మాత్రం దానిచేత చేయించుకోవాలి. మొదటి సవరణ బెడిసికొట్టాకే ఈ సంగతి బయటపడుతుంది.

ఇక్కడితో వదిలేస్తే, కొన్నాళ్లకు కోడ్‌లో ఇంకేదో మార్చినప్పుడు పాత తప్పే తిరిగి రావచ్చు. అందుకే ‘స్త్రీ’ ఒకటి, ‘పుస్తకం’ మూడు, ‘సాఫ్ట్‌వేర్’ నాలుగు అని ఒక చిన్న పరీక్షగా రాసిపెట్టి, కోడ్ మార్చిన ప్రతిసారీ నడపాలి. దీన్నే రిగ్రెషన్ టెస్ట్ అంటారు. ఒకసారి పడ్డ కష్టం దానివల్ల వృథా పోదు.

ఈ అలవాటు ఎంత దూరం తీసుకెళుతుందో డొనాల్డ్ క్నూత్‌ను చూస్తే తెలుస్తుంది. స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్‌గా ఉన్న రోజుల్లో ఆయన, తన పుస్తకం ప్రూఫుల్లో అచ్చు తీరు నచ్చక, 1977లో ‘టెక్’ అనే అక్షరకూర్పు సాఫ్ట్‌వేర్‌కు పూనుకున్నారు. త్వరలోనే ముగుస్తుందనుకున్న పని ఏళ్ల తరబడి సాగింది. 1978 నుంచి అందులో దొరికిన తప్పులను వరసగా నమోదు చేసుకుంటూ వచ్చి, 1989లో వాటన్నిటి మీదా వ్యాసమే ప్రచురించారు. టైపింగ్ పొరపాట్లు, రాయడం మరిచిన భాగాలు, ఊహించని సందర్భాలు... ఇలా 15 రకాలుగా విడదీశారు. అలా వర్గీకరించి చూసుకుంటే మన చెయ్యి ఎక్కువగా ఎక్కడ తడబడుతోందో తెలుస్తుంది. టైపింగ్ పొరపాటుకు ఇంకోసారి చదువుకుంటే చాలు. ఊహించని సందర్భాలే ఎక్కువైతే, కోడ్ మొదలుపెట్టకముందే చిక్కు ఉదాహరణలు పోగుచేసుకోవాలి.

మీ ప్రాజెక్టులో ఈసారి తప్పు దొరికినప్పుడు, దిద్దే ముందు మూడు ముక్కలు రాయండి: ఏం జరిగింది, నేను ఏమనుకున్నాను, మళ్లీ వస్తే ఏ పరీక్ష పట్టుకుంటుంది. రెండో ప్రశ్నకు నిజాయితీగా జవాబు రాయడమే అన్నిటికన్నా కష్టం. నేర్చుకోవడానికి ఎక్కువ దొరికేదీ అందులోనే.